చెల్లో ఎక్కడ నేర్పుతరు సార్?

గురువారం మధ్యాహ్నం మాకు కాస్త తీరిక. ఆదివారం పేజీలు అప్పటికే ప్రెస్సుకు వెళ్లిపోయి ఉంటాయి. టీ తాగుతూ పాఠకుల ఉత్తరాలు చూసుకునే వేళ. అలాంటి ఓ గురువారం మిర్యాలగూడ నుంచి ఫోనొచ్చింది.

“సార్, మీరు పేపర్ల అన్ని సంగతులు రాస్తుంటరు గదా... చెల్లో ఎక్కడ నేర్పుతరు సార్?”

నాకు ‘చెల్లె’ అని వినపడింది. ఎవరి చెల్లెకు ఏం నేర్పాలో అర్థం కాలేదు. ఆమే మళ్లీ చెప్పింది. చెల్లె కాదట, చెల్లో. “పెద్ద ఫిడేలు సార్. కాళ్ల నడుమ పెట్టుకొని వాయిస్తరు.”

ఆమె కూతురికి తొమ్మిదేళ్లు. నాలుగో తరగతి. ఇంటాయన రైసు మిల్లులో గుమాస్తా. మూడు నెలల కిందట ఆ పాప ఫోన్లో ఏవో బొమ్మలు చూస్తుంటే మధ్యలో ఎవరో ఒకాయన చెల్లో వాయించే వీడియో వచ్చింది. అంతే! ఆ రోజు నుంచి ఒకటే పని. బడి నుంచి రావడం, దిండును నిలువుగా మోకాళ్ల మధ్య పెట్టుకోవడం, చీపురుపుల్లను దాని మీద అడ్డంగా లాగడం. దిండు నుంచి చప్పుడెందుకొస్తుంది? పాపే నోటితో ‘మ్‌...’ అని రాగం తీస్తుంటుంది.

“ముందుగాల మేం గూడ నవ్వుకున్నం సార్. పోరగాండ్ల ఆట గదా అనుకున్నం. మూడు నెలలాయె. ఇప్పుడు నవ్వొస్తలేదు.”

పిల్లల ఆట మూడు రోజులుంటుంది. మహా అయితే మూడు వారాలు. మా ఇంట్లో స్కేటింగ్ బూట్ల ముచ్చట పదకొండు రోజుల్లో తీరిపోయింది. మరి మూడు నెలలంటే? “కనుక్కుని చెబుతానమ్మా” అన్నాను. అనడం తేలికే.

ఫోన్లు పక్క షాపులో!

మా సొంతూరు కోదాడ. ఆ వారం ఎలాగూ ఊరెళ్లే పని ఉంది కనుక దారిలో సూర్యాపేటలో దిగాను. సంగీత వాయిద్యాలమ్మే కొట్టు ఒకటి చూసుకుని లోపలికి వెళ్లాను. కీబోర్డులున్నాయి. గిటార్లున్నాయి. భజన మండళ్లకు హార్మోనియం, తబలా, డోలక్ ఉన్నాయి. గుళ్లలో హారతివేళ కరెంటుతో వాటంతటవే మోగే గంటా నగారా కూడా ఉన్నాయి.

“చెల్లో ఉందా?” అన్నాను.

“సెల్లులు పక్క షాపుల సార్.”

కాదండీ, చెల్లో... అన్నాను. “సెల్లో పెన్నులా?” అన్నాడు. ఇక లాభం లేదని ఫోన్లో బొమ్మ చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇంత పెద్దది ఇంట్ల యాడ పెట్టుకుంటరు సార్?” అన్నాడు. న్యాయమైన ప్రశ్న. కోదాడలోనూ ఇంతే. మిర్యాలగూడలో ఇద్దరు ముగ్గురు కీబోర్డు మాస్టార్లను ఫోన్లో అడిగితే వాళ్లూ ఇంతే.

నిజానికి కోదాడలో వయొలిన్ దొరకడమే ఒకప్పుడు గొప్ప. నా పదకొండో ఏట వారానికి రెండుసార్లు వచ్చి నేర్పే మాస్టారు ఒకాయన ఉండేవారు. సరళీ స్వరాలు, జంటలు, అలంకారాలు దాటి గీతాల దాకా వచ్చాను. ఇంతలో పదో తరగతి వచ్చింది. వయొలిన్ అటకెక్కింది. పరీక్షలయ్యాక దింపుదాం అనుకున్నారు మావాళ్లు. ఆ పరీక్షలు ఇంటర్‌గా, డిగ్రీగా మారుతూ పోయాయి. ఈసారి ఇంటికెళ్లినప్పుడు ఎందుకో నిచ్చెన వేసుకుని ఎక్కి చూశాను. పెట్టె ఉంది. తీగల్లో రెండు తెగిపోయాయి. కమాను వెంట్రుకలను పురుగు తినేసింది.

ఇక చెల్లో సంగతి. ఇది వయొలిన్‌కు పెదనాన్న. దాదాపు నాలుగడుగుల పొడవు. కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మధ్య ఆనించుకుని, అడుగునున్న ఇనుప మొనను నేలకు తన్నిపెట్టి వాయిస్తారు. నాలుగు తీగలు. అన్నిటికంటే మంద్రంగా పలికే తీగను ‘స’ అనుకుంటే మిగిలినవి వరసగా ప, రి, ద. వీణకున్నట్టు మెట్లుండవు. మగవాళ్ల గొంతుకు బాగా దగ్గరగా ఉండే నాదం. సినిమాల్లో కథానాయిక కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడ్డప్పుడు వెనక నుంచి గుండెను పిండే మూలుగొకటి వినిపిస్తుందే, చాలాసార్లు అది ఇదే.

వయొలిన్ మాత్రం మనదా? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786-1859) మద్రాసులో ఓ యూరోపియన్ దగ్గర నేర్చుకుని దాన్ని మన సంగీతంలోకి తెచ్చాడు. తీగల శ్రుతి మార్చారు. గడ్డం కింద పెట్టుకునేదాన్ని పాదం మీదికి దించారు. రెండొందల ఏళ్లలో అది ఎంత మనదైపోయిందంటే, పెళ్లిలో వయొలిన్ కచేరీ పెట్టిస్తే ‘సంప్రదాయం’ అంటాం. వయొలిన్‌కూ చెల్లోకూ మధ్యవాడు వయోలా. దాన్ని మంగళంపల్లి బాలమురళీకృష్ణ కర్ణాటక కచేరీ వేదిక ఎక్కించారు. పెదనాన్న ఒక్కడే ఇంకా గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. కుర్చీ వేస్తే తప్ప కూర్చోలేడు మరి! చాప మీద బాసింపట్టు వేసే మన కచేరీలో ఆయనకు చోటు కుదరలేదు.

మొదటి ఏడాది మోతే

ఇది నేర్చుకోవడమెలాగో తెలిసినవాళ్లను అడిగి, పుస్తకాలు తిరగేశాక నాకు అర్థమైంది ఏమిటంటే, మొదటి కొన్ని వారాలు పాట గీట ఏమీ ఉండదు. కూర్చోవడం నేర్పుతారు. నవ్వకండి, నిజంగానే. వెన్ను నిటారుగా, భుజాలు జారవిడిచి, రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆని ఉండాలి. తర్వాత కమాను పట్టుకోవడం. బొటనవేలు వంచి, మిగతా వేళ్లు బరువు లేకుండా వాలినట్టుండాలి. పిల్లలు కమానును కర్రలా బిగించి పట్టుకుంటారు. అలా పట్టుకుంటే తలుపు కీచుమన్నట్టు మోగుతుంది. ఆ తర్వాత వేళ్లేమీ పెట్టకుండా ఉత్త తీగల మీద కమాను ఈ చివర నుంచి ఆ చివరకు. మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరకు. పది రోజులు, ఇరవై రోజులు. మన దగ్గర శ్రుతి పెట్టెతో కలిపి ‘స’ పట్టి నిలబెట్టిస్తారే, అచ్చం అలాగే.

అప్పుడు ఎడమ చేయి వంతు. మెట్లుండవు గనుక ఏ స్వరం ఎక్కడుందో వేలికీ చెవికీ తెలియాలి తప్ప కంటికి కనపడదు. చిన్నపిల్లలకు కొందరు మాస్టార్లు తీగల కింద పలక మీద సన్నటి టేపు ముక్కలు అంటిస్తారు. కొన్నాళ్లకు పీకేస్తారు. వయొలిన్ మీద వేలి పక్కన వేలు పెడితే దొరికే స్వరం ఇక్కడ వేళ్లు బాగా చాచితే గానీ దొరకదు. తొమ్మిదేళ్ల పిల్ల వేళ్లెంత? అందుకే పిల్లల కోసం పావు సైజు, అర సైజు, ముప్పావు సైజు చెల్లోలు చేస్తారు. పాప ఎదిగినకొద్దీ చెల్లో మార్చాలి. బడి చెప్పుల్లాగే! కాకపోతే ఇవి చెప్పుల ఖరీదుకు రావు. పైగా చెక్క వస్తువు. గాలిలో తేమ తగ్గితే పగుళ్లిస్తుంది. మన ఉమ్మడి నల్గొండ ఎండలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా?

ఫోన్లో చూసి నేర్చుకోలేమా అని ఆ తల్లి నన్ను అడిగింది. నేనూ నలుగురిని అడిగాను. పాట నేర్చుకోవచ్చునట, పట్టు నేర్చుకోలేమట. మణికట్టు ఒక్క అంగుళం తప్పు కోణంలో ఉండి, అలాగే రెండేళ్లు అలవాటైతే తర్వాత నొప్పులు మొదలవుతాయి. ఆ చేతిని పట్టుకుని సరిచేసే ఇంకో చేయి ఎదురుగా ఉండాలి. కనీసం మొదట్లోనైనా.

జపాన్‌లో షినిచి సుజుకి (1898-1998) అని ఓ వయొలిన్ మాస్టారుండేవారు. పిల్లలు మాతృభాషను ఎలా నేర్చుకుంటారో సంగీతాన్నీ అలాగే నేర్చుకోగలరన్నది ఆయన వాదన. ముందు వినడం, తర్వాత అనడం, చదవడం ఆ తర్వాతెప్పుడో. ఆయన పద్ధతిలో ఇప్పుడు చెల్లో కూడా ప్రపంచమంతా నేర్పుతున్నారు. అందులో ఒక నియమం నాకు భలే నచ్చింది. పాఠానికి పిల్లతోపాటు తల్లో తండ్రో రావాలి. వచ్చి బయట బెంచీ మీద కూర్చుంటే కుదరదు. లోపల కూర్చుని ఏం నేర్పుతున్నారో తామూ నేర్చుకోవాలి. ఇంట్లో రోజూ సాధన చేయించాల్సింది వాళ్లే గనుక.

చీపురుకర్ర చెల్లో

దిండు, చీపురుపుల్ల అని ఆ తల్లి చెప్పినప్పటి నుంచీ నా మనసులో ఒక పేరు మెదులుతూనే ఉంది. పాబ్లో కసల్స్. చెల్లో అంటే ప్రపంచం ముందుగా తలచుకునే పేరు.

స్పెయిన్‌లోని వెండ్రెల్ అనే చిన్న ఊళ్లో 1876లో పుట్టాడు. తండ్రి చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. చిన్నప్పుడు ఓసారి ఊళ్లోకి వీధిగాయకుల గుంపొకటి వచ్చింది. అందులో ఒకడు చీపురుకర్రకు తీగ కట్టి చెల్లోలా వాయిస్తున్నాడు. పిల్లాడు కళ్లప్పగించి చూశాడు. ఇంటికెళ్లి అదే గొడవ. తండ్రి ఊరుకోబెట్టలేక ఎండు సొరబుర్ర తీసుకుని, దానికి తీగ బిగించి ఓ చెల్లో చేసిచ్చాడు. సొరబుర్ర! మన దర్శనం మొగులయ్య కిన్నెరకున్నట్టే. పెద్దయ్యాక కూడా కసల్స్ ఆ బుర్ర వాయిద్యం గురించి ఎంతో ముద్దుగా చెప్పుకునేవాడు.

అసలు చెల్లోను దగ్గర నుంచి విన్నది పదకొండో ఏట. ఇక నాకిదే కావాలన్నాడు. తండ్రేమో సంగీతంతో కూడు పుడుతుందా, వడ్రంగి పనిలో పెడదాం అన్నాడు. ఇంట్లో పెద్ద రాద్ధాంతం. చివరికి తల్లి పిలార్ కొడుకును వెంటబెట్టుకుని బార్సిలోనా వెళ్లి సంగీత పాఠశాలలో చేర్చింది. అది 1888. ఖర్చులకు ఆ కుర్రాడు రాత్రిళ్లు కాఫీ హోటల్లో వాయించేవాడు. పదమూడో ఏట తండ్రితో కలిసి రేవు దగ్గర పాత కాగితాల కొట్లో వెతుకుతుంటే బాఖ్ రాసిన ఆరు చెల్లో సూట్‌ల ప్రతి దొరికింది. అప్పట్లో వాటిని అభ్యాసం కోసం వాడే పాఠాలుగానే చూసేవారు. కసల్స్ వాటిని రోజూ సాధన చేశాడు. నలుగురి ముందు వాయించడానికి ధైర్యం చేసింది ఎన్నాళ్లకో తెలుసా? పన్నెండేళ్లకు.

ఇప్పుడు మిర్యాలగూడ పాప ఫోన్లో చూసింది కూడా వాటిలో మొదటిదేనని వాళ్లమ్మ హమ్ చేసి వినిపిస్తే నాకర్థమైంది.

గురువు పాడాడు, పిల్లాడు వాయించాడు

స్పెయిన్ దాకా ఎందుకు, పాలకొల్లు వెళ్దాం. పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న ఉప్పలపు శ్రీనివాస్ పుట్టాడు. నాన్న సత్యనారాయణ క్లారినెట్ కళాకారుడు. ఇంట్లో ఒక మాండలిన్ ఉండేది. ఆరేళ్ల శ్రీనివాస్ దాన్ని తీసి వాయించడం మొదలుపెట్టాడు. ఆ చేతిలో ఏదో ఉందని తండ్రి కనిపెట్టాడు. కొత్త మాండలిన్ కొనిచ్చాడు. తను నేర్పగలిగినంత నేర్పాడు. ఆపైన తన గురువు రుద్రరాజు సుబ్బరాజు దగ్గరికి తీసుకెళ్లాడు.

ఇక్కడుంది అసలు సంగతి. సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. గాయకుడు. ఆయనకు మాండలిన్ రాదు. ఏ తీగ మీద ఏ వేలు పెట్టాలో, ఎక్కడ మీటాలో ఆయన చెప్పలేరు. మాండలిన్ మీద కర్ణాటక సంగీతం ఎలా వాయించాలో చెప్పగలిగినవాళ్లు ఆయనకే కాదు, ఆ చుట్టుపక్కల ఎవరికీ దొరకరు. మరి ఆయన ఏం చేశారు? పాడారు. ఆయన ఒక ముక్క పాడేవారు, కుర్రాడు దాన్ని మాండలిన్ మీద పలికించేవాడు. పాటలో గమకం ఊగితే తీగా ఊగాలి. గొంతు జారితే తీగా జారాలి. ఎలాగన్నది వాడే వెతుక్కోవాలి.

వెతుక్కున్నాడు. మాండలిన్‌కు మామూలుగా ఎనిమిది తీగలు. రెండేసి చొప్పున నాలుగు జంటలు. జంట తీగల మీద గమకం పలికించడం కష్టం. జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు. అవి ఐదయ్యాయి. మీటిన మరుక్షణం నాదం చచ్చిపోతుంది కనుక ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. ఇవన్నీ ఎవరో ఇంజినీరు చెప్పినవి కావు. గురువు పాడింది వాయిద్యం మీద రాకపోతే వాయిద్యాన్నే మార్చుకున్నాడు.

తొమ్మిదేళ్లకు, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ. కుటుంబమంతా మద్రాసుకు కదిలింది. 1981 డిసెంబరులో అక్కడ ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో వాయించేటప్పటికి పన్నెండేళ్లు. మాండలిన్‌తో కర్ణాటక కచేరీ ఏమిటని నొసలు చిట్లించినవాళ్లున్నారు. విన్నాక నొసలు సర్దుకున్నాయి. పద్నాలుగేళ్లకు, 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవం. 1992లో బార్సిలోనా ఒలింపిక్స్ కళోత్సవం. కసల్స్‌ను తల్లి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిన ఊరే! 1998లో పద్మశ్రీ. జాన్ మెక్లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ప్రపంచమంతా తిరిగాడు. తమ్ముడు రాజేష్‌కూ నేర్పాడు. ఎందరో పిల్లలకు నేర్పాడు.

2014 సెప్టెంబరు 19న చెన్నైలో పోయాడు. కాలేయ మార్పిడి అయ్యాక వచ్చిన ఇబ్బందులతో. నలభై అయిదేళ్లు. ఆ రోజు మా డెస్కులో ఆ వార్త దిద్దింది నేనే. వయసు దగ్గర అంకె తప్పు పడిందేమోనని రెండుసార్లు సరిచూసుకోవడం గుర్తుంది.

వాయిద్యం రాని గురువులు ఇంకా ఉన్నారు. సాస్కియా రావు-ద హాస్ అనే డచ్ కళాకారిణి చెల్లో మీద హిందుస్తానీ వాయిస్తారు. ఆమె నేర్చుకున్నది ఎవరి దగ్గరో తెలుసా? వేణువు విద్వాంసుడు హరిప్రసాద్ చౌరాసియా దగ్గర. పాఠం వేణువు మీద, జవాబు చెల్లో మీద. కింద కూర్చుని వాయించేలా చెల్లోను కాస్త చిన్నది చేయించుకుని, అదనపు తీగలూ, వెనక నుంచి ప్రతిధ్వనించే తరఫ్ తీగలూ బిగించుకున్నారు. పెదనాన్నను చాప మీద కూర్చోబెట్టారన్నమాట. ఇక ఇవాళ ప్రపంచంలో అందరికీ తెలిసిన చెల్లో కళాకారుడు యో-యో మా. చిన్నప్పుడు ఆయనకు పాఠం చెప్పిన తండ్రి వయొలిన్ వాయించేవాడు. రోజుకు బాఖ్‌లో రెండే రెండు చిన్న ముక్కలు కంఠస్థం చేయించేవాడు. ఎక్కువ కాదు, తక్కువా కాదు. అలా నేర్చుకున్న పిల్లాడు ఏడేళ్లకు, 1962లో, అధ్యక్షుడు కెనెడీ ముందు వాయించాడు.

అయితే ఒక సంగతి దాచకూడదు. శ్రీనివాస్ ఇంట్లో వాయిద్యం ఉంది, సంగీతం తెలిసిన తండ్రి ఉన్నాడు. మాండలిన్ మీటే వాయిద్యం, దానికి కమాను పట్టుతో పనిలేదు. సాస్కియా చౌరాసియా దగ్గరికి వచ్చేసరికే చెల్లో పట్టు చేతికొచ్చి ఉంది. కనుక పాట నేర్పే గురువు ఒక్కరే చాలు, చెల్లో మాస్టారు అక్కర్లేదంటే ఆ తల్లికి నేను అబద్ధం చెప్పినట్టే. ఇద్దరూ కావాలి. కాకపోతే ఎవరు ముందు అన్నదే ప్రశ్న.

మకాం మార్చడం మనకు కొత్తా?

సత్యనారాయణగారు కొడుకు కోసం మద్రాసుకు మకాం మార్చారంటే అబ్బో అంటాం. మన దగ్గర ఎంతమంది మార్చడం లేదు చెప్పండి? సూర్యాపేట, కోదాడల్లో ఎన్నో ఇళ్లు జూన్‌లో ఖాళీ అవుతాయి. అమ్మ పిల్లలతో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అద్దెకుంటుంది. నాన్న ఇక్కడ హోటల్ భోజనం తింటుంటాడు. అదంతా ఐఐటీ కోసం, నీట్ కోసం. ఎవరూ పిచ్చివాళ్లనరు. అదే చెల్లో కోసమని చెప్పి చూడండి!

నేనా మకాం మార్చేవాళ్లను తప్పుపట్టడం లేదు. ర్యాంకు రాకపోయినా ఏదో ఒక కాలేజీలో సీటుంటుంది. చెల్లోకు అలాంటి ‘ఏదో ఒకటి’ లేదు. ముంబయిలో 2006లో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా పెట్టారు. పేరులో ఇండియా ఉన్నా అందులో వాయించేవాళ్లలో ఎక్కువమంది విదేశీయులే. మనవాళ్లు కొద్దిమంది. ఆ లోటు తెలిసే అక్కడే పిల్లలకు చిన్నప్పటి నుంచి నేర్పడం మొదలుపెట్టారు. చెన్నైలో ఏఆర్ రెహమాన్ 2008లో కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ ప్రారంభించారు. దాని ఆధ్వర్యంలోనే పేదింటి పిల్లలకు తీగ వాయిద్యాలు నేర్పి ‘సన్‌షైన్ ఆర్కెస్ట్రా’ తయారుచేశారు. వయొలిన్, వయోలా, చెల్లో... అన్నీ ఆ పిల్లలే వాయిస్తారు. కూలీల పిల్లలకు చెల్లో ఏమిటనేవాళ్లకు అదొక జవాబు. కానీ అది చెన్నైలో ఉంది.

ఇవన్నీ కాగితం మీద రాసుకుని ఆమెకు ఫోన్ చేశాను. హైదరాబాద్‌లో పాశ్చాత్య సంగీతం నేర్పేవాళ్లున్నారని, ట్రినిటీ వంటి లండన్ సంస్థల గ్రేడ్ పరీక్షల్లో చెల్లోకూ ఒకటి నుంచి ఎనిమిది దాకా గ్రేడ్లున్నాయని చెప్పాను. మిర్యాలగూడకు రైలుంది కాబట్టి సూర్యాపేట, కోదాడ వాళ్లకంటే మీరే నయమన్నాను.

అటు నుంచి కాసేపు మాట లేదు.

“ఆదివారం ఆదివారం పోవాలంటే... కోతలప్పుడు ఆయనకు ఆదివారం గూడ మిల్లుంటది సార్. నేను ఒక్కదాన్నే తీస్కపోవాలె. చిన్నోడొకడున్నడు.”

అందుకని నాకు తోచింది చెప్పాను. చెల్లోకు వేళ్లింకా చిన్నవి. చెవికి ఏ వయసైనా చాలు. ముందు మీ ఊళ్లో పాట నేర్పేవాళ్లెవరైనా ఉంటే అక్కడ చేర్చండి. గొంతుతో స్వరం పట్టడం వస్తే రేపు మెట్లు లేని తీగ మీద వేలు దానంతటదే ఆ చోటికి పోతుంది. ఏడాది తర్వాత కూడా దిండు వదలకపోతే అప్పుడు హైదరాబాద్. నెలకు రెండుసార్లయినా సరే. మొదట చెల్లో కొనకండి, అద్దెకు దొరుకుతుందేమో అడగండి. పాఠానికి మీరూ లోపల కూర్చోండి.

“నేను కూసుంటె తప్పులేదా సార్?” అంది. సుజుకి సంగతి చెప్పాను. జపానాయన అలా అన్నాడా అని రెండుసార్లు అడిగింది.

నెలన్నర తర్వాత మళ్లీ ఫోన్. వాళ్ల వీధి చివర రిటైరైన టీచరమ్మ ఒకావిడ సాయంత్రాలు పిల్లలకు కీర్తనలు నేర్పుతారట. పాపను అక్కడ చేర్చారు. జంట స్వరాల దాకా వచ్చింది. ఇంటికొచ్చి, ఆవిడ పాడించినవే దిండు మీద వాయిస్తోంది. ఇదివరకు ‘మ్‌’ అని మూలిగేది, ఇప్పుడు సస రిరి గగ అంటోంది. హైదరాబాద్‌లో ఒక చెల్లో మాస్టారితో కూడా మాట్లాడారట. ఆయన ఓసారి తీసుకురమ్మన్నారు, వేళ్లు చూస్తానన్నారు. సంక్రాంతి సెలవుల్లో వెళ్తారట.

సంతోషం అన్నాను. దిండెలా ఉందని అడిగాను.

“మెత్త గలీబు చినిగింది సార్, పుల్ల రాకీ రాకీ. మొన్ననే కొత్తది కుట్టిన.”